ఇకెబానా: క్రొత్త చేతులు

పూలను గోసి పాత్రలో నిలుపుట యొక కళయనియు, దానికి గురుపరంపరలును, గ్రంథములును, పట్టాలును, ఐదువందల యేండ్లకు మించిన చరిత్రయు గలవనియు జెప్పినచో మనలో పెక్కురు చిరునవ్వు నవ్వుదురు. మనము పూలను సిగలో ముడుచుకొందుము, దండ గ్రుచ్చి దేవుని మెడలో వేయుదుము, పెండ్లిపందిరికి వ్రేలాడగట్టుదుము. పూవు మన కెప్పుడును గుంపుగానే కావలయును. మూరలతో గొలిచి కొనుట మన వాడుక. అట్టి మనకు, ఒక్క కొమ్మను చేతబట్టి, దాని యాకులలో సగము త్రుంచివైచి, మిగిలినదానిని పాత్రలో నొక ప్రక్కకు వంచి నిలిపి, దానియెదుట మోకాళ్లపై గూర్చుండి తదేకముగా జూచు జపానువారి పద్ధతి వింతగా దోచుట సహజమే. ఐనను ఆ వింత మన దేశమునకు బొత్తిగా గ్రొత్తది గాదు. 1916వ సంవత్సరమున జపాను దేశమును జూచిన రవీంద్రనాథ ఠాకూరు తన యాత్రాగ్రంథమున ఈ పూల యమరికను గూర్చి మెచ్చి వ్రాసియున్నాడు. అంతకు బదియేండ్లకు ముందు, కలకత్తాలో కొంతకాలము నివసించిపోయిన ఒకకురా కకుజో యను జపాను పండితుడు తేనీటి సంప్రదాయమును గూర్చి యింగ్లీషున రచించిన గ్రంథమున నొక ప్రకరణము నంతయు పూలకే కేటాయించెను.

ఈ కళకు జపానీయులు పెట్టిన పేరు ఇకెబానా. జీవముగల పూవు, లేక పూవునకు జీవము పోయుట యని దాని యర్థము. కొన్ని సంవత్సరములుగా నేను ఈ కళలో క్రొత్తగా తలయెత్తిన వారి కృతులను పుస్తకములలోను ఛాయాపటములలోను వెదకి చూచుచున్నాను. చూచినకొలది నన్నొక సందేహము పీడించుచున్నది. ఇంత ప్రాచీనమైన కళలో నొకనిని "క్రొత్త కళాకారు"డని మన మెప్పుడు పిలువవలయును? విచిత్రమైన వస్తువును దెచ్చి పాత్రలో బెట్టినప్పుడా? గురుపీఠమును ధిక్కరించి బయటికి వచ్చినప్పుడా? లేక పీఠము తానే పిలిచి పై పట్టా నిచ్చినప్పుడా? ఈ మూడును గావని నా తలంపు. అది యెట్లో చెప్పుటకు ముందు కొంత పూర్వకథ యవసరము.

క్యోటో నగరము నడుమ రొక్కకుదో యను షట్కోణాకారపు బౌద్ధాలయ మొకటి యున్నది. దాని యర్చకులు చెరువు ప్రక్క కుటీరమున నుండెడివారు గావున వారి వంశమునకు ఇకెనోబో యను పేరు వచ్చెను. చెరువుగట్టు మఠము వారని మనము చెప్పుకొనవచ్చును. వీరిలో సెంకేయి యను నతడు 1462వ సంవత్సరమున బంగారు పాత్రలో పదులకొలది కొమ్మలను నిలిపెననియు, నగరములోని రసికులు పోటీపడి చూడవచ్చిరనియు నా కాలపు దినచర్య యొకటి చెప్పుచున్నది. ఇకెబానా చరిత్రకారులు ఈ వాక్యమును పట్టుకొనియే లెక్క ప్రారంభింతురు. తరువాతి శతాబ్దమున అదే వంశమునకు జెందిన సెన్నో, 1542 ప్రాంతమున, తన బోధల నొక గ్రంథముగ గూర్చెను. అందలి ముఖ్యమైన మాట నా కెంతయు నచ్చినది. అందమైన పూలను దెచ్చి కుండలో నిలిపి సంతోషించుట పాత పద్ధతి యనియు, తన మార్గమున ఎండిన కొమ్మకును స్థానము గలదనియు నతడు వాదించెను. కొండవాలున, నీటియొడ్డున మొక్క యెట్లు పెరిగినదో ఆ పెరుగుదలను పాత్రలో దలపునకు దెచ్చుటయే పని యని యాతని భావము. అందమునుండి అర్థమునకు అడుగు వేసినవాడు గనుకనే ఆతని నాటి క్రొత్త కళాకారుడని నే ననుచున్నాను. ఆతడు క్రొత్త వస్తువును దేలేదు. అందరును పారవైచు ఎండుకొమ్మను మరల చేతికి దీసికొనెను.

ఆ పిదప జరిగినది మనకు దెలిసిన కథయే. మార్గము మఠమయ్యెను, మఠము పీఠమయ్యెను. పీఠాధిపతిని జపానీయులు "ఇయెమోతో" యందురు. ఆ పదవి సాధారణముగా వంశపరంపరగా వచ్చును. శిష్యుడు మెట్టుమెట్టునకు పట్టా పొందవలయును. ప్రతి పట్టాకును రుసుము చెల్లింపవలయును. ఆ రుసుములో గొంతభాగము గురువు చేతిమీదుగా పీఠమునకు బోవును. పై మెట్టు లెక్కినవారికి పీఠమే యొక కళానామము నిచ్చును. అనగా శిష్యుని పేరుగూడ పీఠము సొత్తేయగును! పట్టా లేనివాడు బోధింపరాదు. ఇట్టి యేర్పాటువలన విద్య చెదరక నిలిచిన మాట నిజము. ఐదు శతాబ్దములు ఒక చేతి యొడుపును మరియొక చేతికి నందించుట సామాన్యమైన పనికాదు. ఐనను విద్యను గాపాడుటకు గట్టిన గోడ విద్యార్థిని బంధించుటకును బనికివచ్చునని మనదేశపు గురుకులముల నెరిగిన మనకు వేరుగ జెప్ప నక్కరలేదు.

మరియొక సంగతి. పూర్వము ఈ విద్య ప్రధానముగా పురుషులది: అర్చకులు, యోధులు, వర్తకులు అభ్యసించిరి. పందొమ్మిదవ శతాబ్దపు టుత్తరభాగమున, మెయిజీ కాలమున, బాలికల పాఠశాలలలో నిది ప్రవేశించెను. అది మొదలు క్రమక్రమముగా పెండ్లికాని యాడుపిల్ల నేర్వదగిన విద్యలలో నొకటయ్యెను. కుట్టుపని, వంట, తేనీటి సంప్రదాయము, పూల యమరిక: వీనిని గలిపి "హనయొమె షుగ్యో" యందురు, పెండ్లికూతురి శిక్షణ యని యర్థము. ఇచ్చట మన సంస్కరణాభిమానులు తొందరపడి తీర్పు చెప్పరాదు. వరుని తలిదండ్రులకు జూపుటకై మన పిల్లలకు హార్మోనియము నేర్పిన కాలము మనకును గలదు. ఆ పిల్లలలోనుండియే సంగీతమును నిజముగా బ్రేమించిన స్త్రీలును బుట్టిరి. జపానులోను అట్లే జరిగెను. పెండ్లికై నేర్చిన పూలవిద్య వైధవ్యమున జీవనాధార మైనది. ఇంటిలోనే పదిమంది పిల్లలను గూర్చుండబెట్టుకొని బోధించి స్వతంత్రముగా బ్రదికిన స్త్రీలు లెక్కకు మిక్కిలి. కాని పీఠమునకు శిష్యులు స్త్రీలు, రుసుము చెల్లించువారు స్త్రీలు, దిగువ మెట్లలో బోధించువారు స్త్రీలు. పీఠమునెక్కువారు మాత్రము చాలకాలము పురుషులే. ఇకెనోబో పీఠమున 45వ అధిపతియగు సెన్‌ఎయి తన కుమార్తెను ఉత్తరాధికారిణిగా నిర్ణయింపగా, ఆమె 2015లో సెంకో యను పీఠనామమును దాల్చెను. నలువదియైదు తరముల పిదప! ఇది సంతోషింపదగిన సంగతియే. ఐనను పురుషుని కడుపున బుట్టిన పురుషునకు బదులు పురుషుని కడుపున బుట్టిన స్త్రీ వచ్చుటవలన జన్మహక్కు పోయినదని నమ్మువారిని జూచి నాకు నవ్వు వచ్చును. మన తెలంగాణమున తంగేడు, గునుగు పూలతో వరుసమీద వరుసగా బతుకమ్మను పేర్చు తల్లులకు పట్టా యిచ్చు పీఠ మేదియు లేదు. తల్లి పేర్చుచుండగా పిల్ల చూచి నేర్చుకొనును, అంతే.

పీఠమును గాదని బయటికి వచ్చినవారు లేకపోలేదు. ఒహరా ఉన్‌షిన్ (1861–1916) యను నతడు శిల్పి కాగోరి, శరీరము సహకరింపక, ఇకెనోబో పద్ధతిలో పూల విద్య నభ్యసించెను. ఆ కాలమున పడమటి దేశముల పూలు జపానులోనికి వచ్చుచుండెను. నిడుపాటి పాత్రలో నిటారుగ నిలుపు పాత నియమములకు అవి లొంగవయ్యెను. ఉన్‌షిన్ పళ్లెమువంటి లోతులేని పాత్రను దీసికొని, అందు పూలను చెరువుగట్టు దృశ్యమువలె పరచి చూపెను. దీనికి మోరిబానా యని పేరు. కెంజాన్ అను సాధనము దీనితోనే ప్రబలెను. అది సీసపు దిమ్మపై ఇత్తడి సూదులు దట్టముగ నాటిన వస్తువు. కాడను ఆ సూదులపై గ్రుచ్చినచో కోరిన వాటమున నిలుచును. ఇంతటి చిన్న దిమ్మ ఒక కళ రూపమునే మార్చివేసినది.

అటుపిమ్మట తెషిగహరా సోఫు (1900–1979). ఈతని తండ్రియు పూల గురువే. నియమములను గూర్చి తండ్రితో విభేదించి యీతడు 1927లో సోగెత్సు శాఖను స్థాపించెను. ఎవరైనను, ఎక్కడనైనను, ఎప్పుడైనను, ఏ వస్తువుతోనైనను పూల రచన చేయవచ్చునని ఆ శాఖవారి బోధ. ఇనుపతీగ, నీటిలో కొట్టుకొనివచ్చిన మ్రాను, రాయి – అన్నియు నాతని చేతిలో పూవునకు దోడు వచ్చెను. యుద్ధములో ఓడి, టోక్యో నగరము బూడిదయై యున్న 1945 నవంబరులో, సోఫుయు ఒహరా శాఖాధిపతి హోఉన్‌యు గలిసి యా నగరముననే పూల ప్రదర్శన జరిపిరి. తినుటకు గింజలు లేని దినములలో పూల ప్రదర్శన! దానిని విలాసమన వలయునో, ధైర్యమన వలయునో చదువరులే నిర్ణయింతురుగాక. నేను మాత్రము ధైర్యమనియే యందును.

కాని చిత్రమేమన, తిరుగుబాటు చేసిన సోఫు తానే పీఠమయ్యెను. ఆతని యనంతరము కుమార్తె కసుమి, ఆమె మరణానంతరము 1980లో చలనచిత్ర దర్శకుడుగ ప్రసిద్ధికెక్కిన కుమారుడు హిరోషి, 2001లో హిరోషి కుమార్తె అకానె – ఇట్లు పదవి ఇంటిలోనే తిరిగినది. వీరు ప్రతిభ లేనివారని నే ననను. హిరోషి వెదురును చీల్చి వంచి కట్టిన పెద్దపెద్ద సొరంగములవంటి రచనలు చూచినవారు మరువజాలరు. అయినను "ఎవరైనను" అన్న మాట విద్యార్థికే వర్తించినది గాని పీఠమునకు వర్తింపలేదు.

ఆ మాటను తుదివరకు దనకు దాను వర్తింపజేసికొన్నవా డొక్కడున్నాడు. ఆతడు నకగావా యుకియో. 1918లో మరుగామె పట్టణమున జన్మించెను. బాల్యముననే వెన్నెముకకు రోగము సోకి నడుము వంగిపోయెను. బంధువు చేత పూల విద్య నేర్చి, ఇకెనోబో శాఖలో జేరి, 1951లో దానిని వదలెను. వదలిన పిదప మరియొక శాఖ స్థాపింపలేదు, పట్టాలు పంచలేదు, రుసుములు గూర్చుకొనలేదు. పేదరికమున బ్రదికెను. 1973లో నీతడు చేసిన "హన బోజు" యను కృతిని దలచినప్పుడెల్ల నాకు గగుర్పాటు కలుగును. "పూల సన్న్యాసి" యని దాని యర్థము. తొమ్మిదివందల ఎఱ్ఱని కార్నేషను పూల రేకులను ద్రుంచి, తాను చేసిన గాజుపాత్రలో గ్రుక్కి, కొన్ని దినము లట్లే మాగనిచ్చి, ఆ పాత్రను తెల్లని కాగితముపై దలక్రిందులుగ నిలిపెను. రేకుల రసము నెత్తురువలె కాగితముపైకి బ్రాకెను. కృతి యంతయు నంతియే.

దీనిని బీభత్స మనువారున్నారు. బీభత్సమే, కాదనను. కాని ఇది యబద్ధము కాదు. పూవును కోయుట హింస యని దాచిపెట్టి, ఆ హింసపై అందమును గప్పు తక్కిన పూలరచనలకంటె ఇది నిజము చెప్పుచున్నది. కత్తెర చేతబట్టిన ప్రతివాడును జేయు పనినే యీతడు తెల్లని కాగితముమీద వ్రాసి చూపెను. అందువలన పూవు తన కేమగుచున్నదో చెప్పుకొన్నట్లున్నది. వృద్ధాప్యమున, 2002లో, ఈతడు నీగత ప్రాంతమున షినానో నదీతీరముపై ఆకాశమునుండి లక్షలాది తులిపు రేకులను గురిపించెను. ఆ రేకుల వానలో తొంబదియైదేండ్ల ఓనో కజువో నాట్యమాడెను. 2012లో నకగావా మరణించెను. శిష్యపరంపర లేని ఈతని విద్య నేటి యువకుల కెక్కడ దొరకును? పుస్తకములలోని బొమ్మలలోనే. పీఠమును గాదన్నందుకు జెల్లింపవలసిన వెల ఇది. అది తక్కువ వెల కాదు.

ఇపు డిరువదియొకటవ శతాబ్దపు రచయితలకు వత్తము. వీరిలో లోకమంతట పేరు మ్రోగినవాడు అజుమా మకోతో. 1976లో ఫుకువోకలో జన్మించి, సంగీతబృందముతో బాగుపడవలెనని టోక్యోకు వచ్చి, పూల వ్యాపారమున జేరి, అటనుండి కళాకారుడైనవాడు. ఇకెబానా పీఠములకు వెలుపలివాడు. 2014లో నీతడు ఒక మరుగుజ్జు దేవదారును, ఒక పెద్ద పూల గుత్తిని అమెరికాలోని నెవాడా యెడారినుండి బెలూనులకు గట్టి ఆకాశమునకు బంపెను. అవి యిరువదియారు కిలోమీటర్లకు దాటి పైకి బోయెను. నల్లని శూన్యము, క్రింద వంగిన భూమి, నడుమ ఎఱ్ఱ పసుపు పూలు. ఆ పటములను జూచి ఆశ్చర్యపడనివాడు లేడు. నేనును ఆశ్చర్యపడితిని. పూలను మంచుదిమ్మెలలో బిగించిన యాతని కృతులును ఇట్టివే. కాని ఆశ్చర్యము తీరిన పిదప నన్ను నేనే యడిగికొంటిని: ఆ పూవు అక్కడి కేల పోయినది? దాని కచ్చట బనియేమి? ఆ గుత్తికి బదులు ఒక కుర్చీని బంపినను ఆకాశము అంతే నల్లగా నుండెడిది గదా. పూవు ఆ చిత్రములో ప్రయాణికురాలే గాని నివాసి కాదు. సెన్నో చెప్పిన పెరుగుదల యన్న మాట కచ్చట చోటు లేదు. వస్తువు క్రొత్తది, స్థలము క్రొత్తది. దృష్టి మాత్రము వాడుకలోని ఆశ్చర్యదృష్టియే. మకోతో చేతి పనితనమును నేను దక్కువ జేయుటలేదు. ఆతని యనుకరించు చిన్నవారి సంఖ్య పెరుగుచున్నందున ఈ మాట చెప్పవలసివచ్చినది. వారు పూవును ఎక్కడ బెట్టవలయునని వెదకుచున్నారు. ఎందుకు గోయవలయునని యడుగుట లేదు.

ఆ ప్రశ్న నడిగినవాడు కటగిరి అత్సునొబు. 1973లో ఒసాకాలో జన్మించెను. మిససగి యను చిన్న శాఖకు ఇరువదినాలుగవయేట, 1997లో, పీఠాధిపతి యయ్యెను. కావున జన్మహక్కును నిరసించిన నేను జన్మహక్కుచే పీఠమెక్కినవానిని బొగడుచున్నానని చదువరులు నన్ను పరిహసింపవచ్చును. పరిహసింపుడు, ఆతని కృతి యట్టిది.

2011 మార్చి 11వ తేదీన జపాను ఈశాన్యతీరమును భూకంపమును, దానివెంబడి సముద్రమును ముంచెత్తినవి. ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రము పగిలి రేడియోధార్మికత వెలువడెను. ఆ కేంద్రమునకు ఉత్తరమున మినమిసోమా యను పట్టణ మున్నది. దాని దక్షిణభాగము ఇరువది కిలోమీటర్ల నిషిద్ధవలయములో బడగా జనులు ఇండ్లు విడిచిపోయిరి. ఇండ్లు లేవు, మనుష్యులు లేరు; పొలములు ఉప్పునీట మునిగినవి. అట్టిచోట నొక నీలిపూవు గుంపులుగుంపులుగ బూచినదని కటగిరి వినెను. దాని పేరు మిజుఆయోయి. మన కాలువలను బూడ్చివేయు గుఱ్ఱపుడెక్కకు జ్ఞాతి. కాని దానివలె బెడద గాదు. పొలములును గట్లును జక్కబరచుటతో క్రమముగ దరిగి, అరుదైపోయిన మొక్క. దాని విత్తనములు మట్టియడుగున ఏండ్లతరబడి నిద్రించియుండ, సముద్రము పైమట్టిని గోసివైచినప్పుడు వెలుగు దగిలి మొలచెను. ఊరిని జంపిన నీరే ఆ పూవును బ్రదికించినది.

కటగిరి 2013లో అచ్చటికి బోయి, ఆ పూవును జూచి, పిదప కొన్ని నెలలు ఆ ప్రాంతముననే వసించెను. అచ్చట మొలచిన పూలనే, అచ్చటి నేలమీదనే యమర్చెను. కొట్టుకొనిపోయిన యింటి పునాదిపై నొకటి. సముద్ర మెత్తివేసిన పాడుబడ్డ వస్తువులనడుమ నొకటి. అమర్చిన వెంటనే తానే ఛాయాపటము దీసెను. ఆ పటములు 2015లో గ్రంథముగ వెలువడినవి. దాని పేరు "సాక్రిఫైస్", అనగా బలి.

ఈ పటములను నేను పలుమారులు చూచితిని. మొదటిసారి నాకు గోపము వచ్చినదని యొప్పుకొనవలయును. మనుష్యులు చచ్చినచోట పూలు పేర్చి పటములు దీయుట యేమి దయ? పరులదుఃఖమును బాత్రగ జేసికొనుటకాదా యిది? కాని రెండవసారి చూచినప్పుడు పాత్రల చుట్టునున్న స్థలము కనబడెను. పూవు పటము నడుమ నున్నను నాయకస్థానమున లేదు. ఖాళీ గుమ్మము, ఖాళీ పొలము, దూరమున బూడిదవన్నె సముద్రము: వీనిని మనచేత చూపించుటకే పూవు నిలిచియున్నది. ఇకెబానాలో ఖాళీచోటును గూడ రచనలో నొక భాగముగ లెక్కింతురని పాఠములలో జదివితిని; ఇల్లు పోయిన ఖాళీయందు ఆ పాఠమున కర్థ మిట్లుండునని నే నెరుగను. ఆ పూవును వేరొకచోటికి గొనిపోయినచో కృతి చచ్చును. ఆ నేలమీద వేరొక పూవు నిలిపినను కృతి చచ్చును. మకోతో గుత్తికిని దీనికిని గల భేద మిదే.

లోపములు లేవా? ఉన్నవి. కొన్ని పటములలో పూలు మితిమీరినవి; పెండ్లిపందిరి వాసన వచ్చినది. దుఃఖమును నమ్మక అలంకారమును నమ్ముకొన్న చోట్లవి. మఱియు, ఇందు గడపిన కాల మంతయు పటములో నొక్కక్షణమై నిలిచిపోయినది. పూవు వాడుట, రాలుట, మరునాడు గాలికి బోవుట మనకు గనబడవు. ఇకెబానా యొక్క ప్రాణము మార్పులో నున్నది గదా! నేటి క్రొత్త రచయితల కృతులలో ననేకములు పటముకొఱకే పుట్టుచున్నవి. పటము తీసిన పిమ్మట వాడిన పూలను జూచువాడు లేడు. టోకోనోమ, అనగా ఇంటిలో పటమును పూపాత్రను నిలుపు గూడువంటి వేదిక, నగరముల క్రొత్త యిండ్లలో నరుదైపోయినది. నిలుపుటకు చోటు లేని కళ పటములో దలదాచుకొనుట సహజమేగాని, నష్టము నష్టమే. దీనికి విరుగుడుగా కవసె తొషిరో యను 1948లో జన్మించిన పెద్ద రచయిత, ఆ విపత్తు జరిగిన యేటనే మొదలిడి సంవత్సరము పొడుగునను దినమున కొక్క పూవును నిలిపి, ఋతువులు మారుట నట్లు చూపెను. ఒక్కొక్క పాత్రలో నొక్కటో రెండో కాడలు. పువ్వునకు పువ్వు జవాబు చెప్పుకొనినట్లు నాకు దోచినది.

ఇట మన తెలుగువా రొక ప్రశ్న తప్పక వేయుదురు, వేయుటయు న్యాయమే. కరుణశ్రీ పుష్పవిలాపము నెరుగని తెలుగిల్లు తక్కువ. పూజకై కోయబోయినను పూలు మొఱపెట్టుకొన్న యా కావ్యమును విని కంటతడి పెట్టిన జాతికి, కత్తెరనే ప్రధాన సాధనముగ జేసికొన్న యీ కళ యెట్లు సమ్మతమగును? జపానీయుల కీ సంగతి తట్టలేదని తలంపరాదు. ఒకకురాయే తన గ్రంథమున పూల దుఃఖమును గూర్చి దీర్ఘముగ విలపించి, పూల గురువుల కత్తెరలను ద్రాళ్లను నిందించెను. అచ్చటి గురువులు చనిపోయిన పూలకు "హన కుయో" యను సంస్మరణ జరుపుదురు. పూలకై నిలిపిన గుట్టరాళ్లును గలవు. ఆబ్దికము పెట్టినంతనే హత్యాదోషము పోవునా యని వాదించువారితో నేను వాదింపజాలను. ఒక్కమాట మాత్రము చెప్పుదును. మన పండుగనాటి సాయంకాలము దేవాలయము వెనుక కుప్పవడియుండు వాడిన దండల నెవ్వడును లెక్కపెట్టడు. ఒక్క కాడను గోయుటకు ముందు కొమ్మ చుట్టు తిరిగి, ఏ వైపున వెలుగు దగిలి వంగినదో చూచి, కోసిన తరువాత మొదలును నీటిలో ముంచి మరల గత్తిరించి, దాని దాహము దీర్చువాడు మనకంటె పూవును దక్కువ ప్రేమించుచున్నాడని నే ననజాలను.

జపానులో ఈ విద్య నేర్చువారు మునుపటికంటె దగ్గినారు. పెండ్లికూతురి శిక్షణ యను బలవంతము తొలగినందున గుంపు దగ్గుట మేలేయని నా యభిప్రాయము. మిగిలినవారు తమంత తాము వచ్చినవారు. 2009 మొదలు ఇకెనోబో శాఖవారు ఉన్నతపాఠశాలల విద్యార్థులకు పోటీ నడుపుచున్నారు. ముగ్గురు ముగ్గురు జట్టుగ వచ్చి, సభ యెదుట, నిర్ణీతకాలములో పూల నమర్చి, తమ భావము నోట చెప్పవలయును. బేస్‌బాలు ఆటకు బ్రసిద్ధమైన కోషిఎన్ క్రీడారంగము పేరే దీనికిని బెట్టిరి. మగపిల్లలును ఇందు జేరుచున్నారు. పెండ్లికూతురి విద్యయన్న ముద్ర ఇట్లు చెరగుచున్నది. కాని గడియారముతో పరుగెత్తి పూలు గ్రుచ్చుట నాకు రుచింపలేదు. పదునాఱేండ్ల పిల్లవాడు కొమ్మను నిలిపి, యెనుకకు జరిగి, తలవంచి చూచి, తప్పని తెలిసికొని తీసివేయుటకు గావలసిన యా నిదానమే యీ విద్యలో మొదటి పాఠము. పోటీలో దానికే సమయము లేదు. పిల్లలు తమ భావమును మాటలతో చెప్పవలయు నన్న నియమము మాత్రము మంచిది. గురువు చెప్పినదే చేసితినని సభలో చెప్పుట కెవ్వడును సిగ్గుపడును.

ఈ విద్య జపానునకు వెలుపల వ్యాపించుటకు ఎల్లెన్ గోర్డన్ అల్లెన్ అను అమెరికా సైన్యాధికారి భార్య ముఖ్యకారణము. ఆమె 1956లో టోక్యోలో ఇకెబానా ఇంటర్నేషనల్ అను సంఘమును నెలకొల్పెను. అందు ఏ శాఖవారైనను జేరవచ్చును. మన హైదరాబాదునందును దాని విభాగ మొకటి గలదు. మన స్త్రీలు ఇకెబానా నేర్చుట పరదేశపు మోజు యని యెగతాళి చేయువారు మన పత్రికలలోనే యున్నారు. వారితో నేను ఏకీభవింపను. కాని వారి యెగతాళికి గొంత కారణ మున్నది. ఇచ్చటి ప్రదర్శనలలో నే జూచిన రచనలలో ననేకములు పాఠపుస్తకము ప్రక్కన బెట్టుకొని కొలతలు చూచి నిలిపినవి: ప్రధాన కాడ యింత, రెండవది దానిలో నింత, మూడవది యింత. పూలో, విమానములలో దిగిన పూలు. మన యెండలో సాయంకాలమునకే తలవ్రాల్చినవి.

ఒక్కదానియెదుట మాత్రము నేను చాలసేపు నిలిచితిని. చేసినది ఇరువదియేండ్లు దాటని యొక విద్యార్థిని. వెడల్పాటి మట్టిమూకుడు, అందు పొయిలో పెట్టదగిన ఎండిన తాటిమట్ట యొకటి, అంచు ముండ్లతో సహా, దాని మొదట నీటికి దగ్గరగ ఒక్క గన్నేరు పూవు. మట్ట బరువునకు కెంజాన్ ఒరిగిపోకుండ వెనుక నొక గులకరాయి పెట్టినది. పక్కన నిలిచిన పెద్దమ్మగారు, బహుశః ఆమె గురువే, "ఇది ఏ పద్ధతి యమ్మా?" యని యడిగినది. ఆ పిల్ల కొంచెము తడబడి, "మా నాయనమ్మ యింటి వెనుక ఇట్లే యుండెడిదండి" యనెను. గురువు ఏమియు ననక, వంగి, ఆ గులకరాతిని వ్రేలితో నించుక లోనికి జరిపి వెళ్లిపోయెను.